అరకు రద్దీ వద్దు: అమ్మతో, బాబుతో రెండు రోజులు కొండల్లో ప్రశాంతంగా ఎక్కడుండాలి?

సాగర్‌నగర్_శ్రీను | నవంబరు 9, రాత్రి 9:40

నమస్కారం అండీ. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా నాన్నగారు ఈ మార్చిలో పోయారు. అప్పటి నుంచి అమ్మ గుడికి తప్ప గడప దాటలేదు. మొన్న టీవీలో ఏజెన్సీలో పొగమంచు చూపిస్తుంటే, "పెళ్ళయిన కొత్తలో మీ నాన్న నన్ను అనంతగిరి తీసుకెళ్ళారు. కాఫీ తోట నిండా తెల్లటి పూలు, అచ్చం మల్లెపూల వాసన" అంది. తనంతట తాను నాన్న మాట ఎత్తడం ఇన్ని నెలల్లో అదే మొదటిసారి. అందుకే కొండకి తీసుకెళ్దామనుకుంటున్నాను.

అమ్మకి 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, మెట్లు కష్టం. బాబు ఐదో తరగతి. వాడికి కొండ ఎక్కాలి, గుడారంలో పడుకోవాలి. నాకు డీజేలు, హారన్లు లేని రెండు రోజులు చాలు. కారుంది, కానీ ఘాట్‌లో నడపడం అలవాటు లేదు. డిసెంబరు మొదటి వారం అనుకుంటున్నాం. తెలిసినవాళ్ళు చెప్పండి.

గాజువాక_బుల్లెట్ | నవంబరు 9, రాత్రి 10:05

శ్రీను అన్నా, కళ్ళు మూసుకుని వంజంగి. సబ్బవరం, చోడవరం మీదుగా మాడుగుల వైపు వెళ్ళి ఘాట్ ఎక్కితే పాడేరు. అక్కడికి ఆరేడు కిలోమీటర్లే. బండి వెళ్ళేదాకా వెళ్ళి, తెల్లారగట్ల నడక మొదలెడితే సూర్యోదయానికి పైనుంటారు. కాళ్ళ కింద పాలసముద్రంలా మబ్బులు, మధ్యలో కొండల తలలు మాత్రం పైకి కనిపిస్తాయి. నేను ఆరుసార్లు వెళ్ళాను, ఆరుసార్లూ నోట మాట రాలేదు.

ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర ఆగి దణ్ణం పెట్టుకోండి, అందరూ ఆగుతారు. వచ్చేటప్పుడు మాడుగుల హల్వా మర్చిపోకండి. గోధుమ పాలతో గంటలకొద్దీ కలిపి చేస్తారు, అమ్మగారికి నచ్చుతుంది.

సింహాచలం_సంపెంగ | నవంబరు 10, ఉదయం 6:50

తమ్ముడూ, అమ్మ మోకాళ్ళ నొప్పులని రాస్తే వంజంగి అంటావేంటి? ఆ నడక నిటారుగా ఉంటుంది, రాళ్ళు, చీకటి. దిగేటప్పుడు ఇంకా కష్టం.

శ్రీను గారూ, పోయిన డిసెంబరులో మేం ఆదివారం అరకు వెళ్ళి పడ్డ పాట్లు చెప్తాను. ఒక హోటల్‌లో నెల ముందే డబ్బు కట్టి గది తీసుకున్నాం. సాయంత్రం వెళితే "మీ గదిలో వేరేవాళ్ళున్నారు" అన్నారు. చలిలో మా అత్తగారిని కార్లో కూర్చోబెట్టి రాత్రి పదింటిదాకా గదుల కోసం తిరిగాం. ఘాట్ మలుపుల్లో మా పాప మూడుసార్లు వాంతి చేసుకుంది. ఆ రోజు తన మొహం గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

పిల్లాడుంటే ఇవి గుర్తుపెట్టుకోండి. బయల్దేరే ముందు పాలు వద్దు, రెండు ఇడ్లీలు చాలు. కిటికీ దించి దూరంగా ఉన్న కొండ చూడమనండి, ఫోన్ అస్సలు చేతికివ్వకండి. అరగంటకోసారి ఆగండి. అన్నిటికంటే ముఖ్యం, శని ఆదివారాలు వద్దు. బడికి రెండు రోజులు సెలవు పెట్టినా నష్టం లేదు.

కేకే_లైన్ | నవంబరు 10, ఉదయం 8:15

రైల్వేలో ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరయ్యాను. అందులో పదకొండేళ్ళు ఈ లైన్ మీదే. కారు ఇంట్లో పెట్టేయండి బాబూ, రైల్లో వెళ్ళండి.

కిరండూల్ పాసింజరు పొద్దున్నే విశాఖలో బయల్దేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. కొత్తవలస, శృంగవరపుకోట దాకా మామూలు పొలాలే. బొడ్డవర దాటాక ఇంజను మూలుగు మారుతుంది, అప్పుడు బాబుని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. సొరంగాలు లెక్కపెట్టమనండి, యాభైకి పైనే ఉంటాయి. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, తర్వాత బొర్రా గుహలు. ఇంకా పైకి శిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్ అది. బోర్డు మీద ఆ అంకె చదివితే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కింద సముద్రం ఒడ్డున ఎక్కి, కొన్ని గంటల్లో దాదాపు కిలోమీటరు ఎత్తుకి చేరతాం.

అద్దాల పెట్టె విస్టాడోమ్ 2017 నుంచి ఉంది. టికెట్ దొరికితే సరే, దొరక్కపోతే బెంగ వద్దు. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది. సొరంగంలోకి దూరగానే చల్లటి గాలి, తడిరాతి వాసన మొహానికి కొడతాయి. అద్దాల వెనక అది దొరకదు.

నర్సీపట్నం_నాని | నవంబరు 10, మధ్యాహ్నం 1:30

లంబసింగి పేరు ఎవరూ ఎత్తలేదేంటండీ! మా నర్సీపట్నం నుంచి గంట ప్రయాణం. పాత పేరు కొర్రబయలు. బయట నిలబడితే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందంటారు. చెరువులవేనం వ్యూపాయింట్, తాజంగి రిజర్వాయరు, ఈ మధ్య స్ట్రాబెర్రీ తోటలు.

ఒక్క సంగతి మాత్రం బాబుకి చెప్పండి. మనం కార్లలో హాయిగా ఎక్కే ఈ నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు వేయడానికి మన్యం జనంతో చాకిరీ చేయించారు, కూలి సరిగ్గా ఇవ్వలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పెట్టిన హింస అది. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి ఆ కడుపుమంట ఒక పెద్ద కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళారు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. లంబసింగి వచ్చేవాళ్ళలో వందకి ఒక్కరైనా అక్కడ ఆగుతున్నారో లేదో.

కాకపోతే నిజం చెప్పాలి. డిసెంబరు శనివారం రాత్రి లంబసింగి మీరడిగిన ప్రశాంతత ఇవ్వదు. జనవరిలో పండగ హడావుడి తగ్గాక, వారం మధ్యలో రండి.

వాన_లెక్క | నవంబరు 10, సాయంత్రం 5:20

మబ్బుల కోసం వెళ్ళేవాళ్ళు ఒకటి తెలుసుకుంటే ఉసూరుమని తిరిగిరారు. అక్కడ కనిపించేది చాలావరకు లోయలో పట్టిన మంచు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడి త్వరగా పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు మీద నుంచి లోయలోకి జారుతుంది. వానలకి తడిసిన నేల నుంచి, గెడ్డల (వాగుల) నుంచి వచ్చే తేమ అక్కడ సన్నటి నీటి తుంపరగా మారి నిలబడిపోతుంది. పైనుంచి చూస్తే సముద్రం. ఎండ ఎక్కితే కరిగిపోతుంది.

కాబట్టి రాత్రి చుక్కలు బాగా కనిపించి, గాలి కదలకపోతే అలారం పెట్టుకోండి. మబ్బుపట్టినా, గాలి వీచినా హాయిగా పడుకోండి. నవంబరు, డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలు వస్తుంటాయి. వెళ్ళే ముందు మన విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ ఒకసారి చూడండి. ఘాట్‌లో వాన, మంచు కలిస్తే ప్రమాదం.

సాగర్‌నగర్_శ్రీను | నవంబరు 10, రాత్రి 10:10

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అమ్మకి చదివి వినిపించాను. రైలు అనగానే "కిటికీ తెరుచుకునే పెట్టే" అంది. వారం మధ్యలోనే వెళ్తాం. మరి కొండ ఎక్కే సంగతి? వాడిని వంజంగి తీసుకెళ్ళి, అమ్మని పాడేరులో గదిలో ఒంటరిగా వదలడం నాకిష్టం లేదు.

కొండ_పంతులు | నవంబరు 11, రాత్రి 8:30

శ్రీను గారూ, మాది పాడేరు దగ్గర పల్లె. అనంతగిరి మండలంలో ఒక చిన్న బడిలో పని చేస్తున్నాను. ఆదివాసీ కుటుంబం నుంచి బడికి వెళ్ళిన మొదటి తరం మాది. ఈ విషయం రాయాలా వద్దా అని నిన్నంతా ఆలోచించాను.

మా చిన్నప్పుడు ఆ వంజంగి కొండ మాకు పశువులు తోలుకెళ్ళే చోటు. ఇప్పుడు రాత్రి రెండు నుంచే కార్లు. వచ్చినవాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేనను. కానీ పాటల డబ్బాలు పెట్టి, తాగి, సీసాలు కాఫీ మొక్కల్లోకి విసిరేసేవాళ్ళున్నారు. కాఫీ పళ్ళు కోసేది నవంబరు నుంచి, సరిగ్గా మీరందరూ వచ్చే రోజులే. మా ఆడవాళ్ళలో చాలామంది చెప్పుల్లేకుండానే తోటలోకి దిగుతారు. పోయినేడు మా పిన్ని అరికాల్లో గాజుపెంకు దిగింది. మూడు అంగుళాల పొడవు. నేనే కట్టు కట్టి మోటారు సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పళ్ళు కోసే కాలంలో పద్దెనిమిది రోజులు మంచం మీదుంది. ఆ కూలి ఎవరిస్తారు?

మీరందరూ ప్రశాంతత కోసం వస్తామంటారు. ఆ ప్రశాంతతలో మా పిల్లలు నిద్రపోతుంటారు. నేను చెప్పదలచుకున్నది అంతే.

గాజువాక_బుల్లెట్ | నవంబరు 11, రాత్రి 9:00

మాస్టారూ, చదివి గుండె బరువెక్కింది. సీసాలు మేం పారేయలేదు కానీ, మా గుంపులో పాటల డబ్బా రెండుసార్లు తీసుకొచ్చాం. ఊళ్ళోకి వినిపిస్తుందని తట్టలేదు. ఇక తీసుకురాం, మా క్లబ్బులో కూడా చెప్తాను. ఒక్క మాట మాత్రం అడగాలి. పర్యాటకులు రావడం వల్ల మీ కుర్రాళ్ళకి పని దొరుకుతోంది కదా? మేం రాకపోతే అదీ ఉండదు కదా?

కొండ_పంతులు | నవంబరు 11, రాత్రి 9:45

దొరుకుతోంది తమ్ముడూ, కాదనను. గుడారాలు, టీ కొట్లు, దారి చూపడం, బొంగు చికెన్. మా తమ్ముడి కొడుకు డిగ్రీ ఫీజు దాంతోనే కట్టాడు. అందుకే రావద్దని అనడం లేదు. గుడారం తీసుకునే ముందు "ఇది ఈ ఊరివాళ్ళదేనా?" అని అడగండి. 1970 నాటి నిబంధన ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అయినా పేరు మావాడిది, డబ్బు బయటివాడిది అయిన చోట్లు ఉన్నాయి. మీరడిగే ఒక్క ప్రశ్నతో డబ్బు ఎటు వెళ్తుందో మారుతుంది. అలాగే వలిసె పూల చేలో ఫోటో దిగాలంటే రైతుని అడిగి గట్టు మీద నిలబడండి. ఆ పసుపు పూలు నూనెగింజలు, ఒక కుటుంబం ఏడాది పంట.

శ్రీను గారూ, మీ అమ్మగారి మాట నన్ను పట్టుకుంది. అనంతగిరిలో గది తీసుకోండి. మా బడి ఉన్న ఊరి వెనక ఒక కొండ ఉంది. గంటన్నర నడక, పిల్లలు ఎక్కగలరు. పేరు ఇక్కడ రాయను, మన్నించండి. మా ఊరి కుర్రాడిని తోడు పంపిస్తాను, అతని కూలి అతనికివ్వండి. అమ్మగారు మా ఇంట్లో కూర్చోవచ్చు, మా ఆవిడ ఉంటుంది. మీకు విడిగా మెసేజ్ పెడుతున్నాను.

ఇంకొకటి. ఆ తెల్లటి పూలు డిసెంబరులో ఉండవండి. ఇప్పుడు పళ్ళు.

సింహాచలం_సంపెంగ | నవంబరు 12, ఉదయం 7:10

పంతులు గారూ, మీ పిన్నిగారికి ఇప్పుడు ఎలా ఉంది?

కొండ_పంతులు | నవంబరు 12, ఉదయం 7:40

నడుస్తోందమ్మా. ఈ ఏడు చెప్పులు వేసుకుంటోంది. అడిగినందుకు సంతోషం.

ఘాట్_డ్రైవర్ | నవంబరు 12, రాత్రి 11:20

ఇరవై ఏళ్ళుగా టాక్సీ నడుపుతున్నాను. శ్రీను గారు రైల్లో వెళ్తున్నారు కాబట్టి సరే, కారులో వెళ్ళేవాళ్ళు ఇది చదవండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో పెట్రోలు మిగులుతుందని బ్రేకు మీదే దిగితే డిస్కులు కాలిపోతాయి. ఒకసారి నా ముందు కారు నుంచి రబ్బరు కాలిన వాసన వచ్చింది, తర్వాత పెడల్ నొక్కుతుంటే అడుక్కి పోతోందని ఆయన కిటికీలోంచి అరిచాడు. కొండవైపు మట్టికి రాసి ఆపాడు. లోపల ఇద్దరు పసిపిల్లలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మంచులో హైబీమ్ వేస్తే వెలుగంతా మీ కళ్ళలోకే తిరిగొస్తుంది, డిమ్ పెట్టి తెల్లగీత పట్టుకుని వెళ్ళండి.

కేకే_లైన్ | నవంబరు 13, ఉదయం 6:30

జలపాతాల గురించి కూడా చెప్పాలి. బొర్రా దగ్గర నుంచి కటికి జలపాతానికి జీపులుంటాయి. జీపు దిగాక ఇంకా నడవాలి, అమ్మగారికి వద్దు. చాపరాయి దగ్గర రాయి నున్నగా, పాచిపట్టి ఉంటుంది. మడమల లోతు నీళ్ళే అనుకుని దిగుతారు, కాలు జారితే కింద గుంట ఎంత లోతో తెలియదు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. స్థానికులు వద్దంటే వద్దు, అంతే.

సాగర్‌నగర్_శ్రీను | డిసెంబరు 6, రాత్రి 8:50

వెళ్ళొచ్చాం అండీ. మంగళవారం పొద్దున రైలెక్కాం. బాబు బొర్రా వరకు సొరంగాలు లెక్కపెట్టాడు. మధ్యలో ఒకదాని దగ్గర నిద్రపోయి లేచి, లెక్క తప్పిందని ఏడ్చాడు. అమ్మ వాడిని ఒళ్ళోకి లాక్కుని "మళ్ళీ వచ్చేటప్పుడు లెక్కపెడదాంలే" అంది. మళ్ళీ వస్తామని తన నోటితో అంది.

బొర్రాలో అమ్మ బయట చెట్టు కింద కూర్చుంది. నేను, బాబు గుహలోకి దిగాం. సున్నపురాయిని నీళ్ళు కరిగించుకుంటూ అన్నేళ్ళు తొలిచాయంటే వాడు నమ్మలేదు. గోస్తనీ నది ఈ అనంతగిరి కొండల్లో పుట్టి మన భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని చెప్పాను. భీమిలిలో వాడు ఆడుకున్న నీళ్ళేనా ఇవి అని ఒక చుక్క కింద అరచెయ్యి పట్టి చాలాసేపు నిలబడ్డాడు.

అక్కడి నుంచి జీపులో అనంతగిరి. సాయంత్రానికి చలి. రాత్రి చుక్కలు బాగా కనిపించాయి, గాలి లేదు. వాన_లెక్క గారూ, మీ మాట నమ్మి నాలుగింటికి అలారం పెట్టాను.

పంతులు గారి ఇంటికి చేరేసరికి ఆవిడ పొయ్యి వెలిగించి ఉన్నారు. అమ్మని పొయ్యి పక్కన కూర్చోబెట్టి వేడి చోడి (రాగి) అంబలి ఇచ్చారు. మేం ఆ కుర్రాడితో ఎక్కాం. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నుంచి దారి, ప్రతి చెట్టుకీ మిరియాల తీగ అల్లుకుని ఉంది, ఆకుల చివర నుంచి మంచు బొట్లు బొట్లుగా మెడ మీద పడుతోంది. పైకి చేరాక మేం ముగ్గురమే. కింద తెల్లగా, కదలకుండా లోయ. ఎక్కడో కోడి కూసింది, తర్వాత కింద నుంచి ఎవరో ఎవరినో పిలిచిన గొంతు, అంత దూరం నుంచి స్పష్టంగా. బాబు గొంతు తగ్గించి మాట్లాడాడు. వాడికి ఎవరూ చెప్పలేదు.

దిగి వచ్చేసరికి అమ్మ తోటలో ఉంది. పంతులు గారి భార్యతో కలిసి పళ్ళు కోస్తోంది. ఎర్రటివి మాత్రమే కొయ్యాలి, పచ్చివి ముట్టుకోకూడదు. ఒక పండు నొక్కి చూపించింది. జిగురులో రెండు గింజలు, బల్లపరుపు వైపులు ఒకదానికొకటి ఆనుకుని. "నాలుక మీద పెట్టుకో, తియ్యగా ఉంటుంది" అంది. నిజంగానే తియ్యగా ఉంది. తన వేళ్ళన్నీ జిగురు. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "పూలున్నప్పుడు వచ్చాం మేం. ఇలా కాయ కాస్తుందని అప్పుడు తెలీదు" అంది. నేనేం మాట్లాడలేకపోయాను.

గుడారం కోరిక కూడా తీరింది, రెండో రాత్రి పంతులు గారి పెరట్లో. తెల్లారేసరికి గుడ్డంతా లోపలి నుంచి తడి. దుప్పట్లు తడిసినా వాడికి పట్టలేదు. గురువారం ఆర్టీసీ బస్సులో శృంగవరపుకోట మీదుగా ఇంటికి. మా చెత్తంతా ఒక సంచిలో విశాఖ తెచ్చాం.

పంతులు గారూ, ఆ పూలు ఎప్పుడొస్తాయి?

కొండ_పంతులు | డిసెంబరు 6, రాత్రి 9:30

తారీఖు చెప్పలేనండి. మార్చి, ఏప్రిల్‌లో ఎండలకి మొగ్గలు బిగుసుకుని ఎదురుచూస్తుంటాయి. మంచి వాన ఒకటి పడ్డాక ఎనిమిది, పది రోజులకి తోటంతా ఒకేసారి తెల్లబడుతుంది. రెండు మూడు రోజులే, తర్వాత గోధుమరంగుకి తిరిగి రాలిపోతాయి. వాన పడిన రోజే ఇక్కడ రాస్తాను.

సింహాచలం_సంపెంగ | డిసెంబరు 7, ఉదయం 6:15

పొద్దున్నే చదివి ఏడ్చేశాను. అమ్మకి నా నమస్కారాలు చెప్పండి.

కొండ_పంతులు | మార్చి 27, ఉదయం 6:05

శ్రీను గారూ, నిన్న సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా మంచి వాన పడింది. మొగ్గలు గట్టిగా ఉన్నాయి. అమ్మగారికి చెప్పండి, మా ఆవిడ ఎదురుచూస్తోంది.

సాగర్‌నగర్_శ్రీను | మార్చి 27, ఉదయం 6:20

చెప్పాను మాస్టారూ. అమ్మ క్యాలెండర్ దగ్గర నిలబడి వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతోంది. ఏప్రిల్ నాలుగుకి రైలు టికెట్లు తీస్తున్నాను, కిటికీ తెరుచుకునే పెట్టెలోనే.